ఇంటి ఇంటర్నెట్ మీద గేమ్ సర్వర్: పర్లాకిమిడిలో నా అనుభవం

పాత ల్యాప్‌టాప్ ఖాళీగా ఉండి, ఇంటికి ఫైబర్ కనెక్షన్ ఎలాగూ ఉంటే, స్నేహితులు ఆడుకోవడానికి గేమ్ సర్వర్ నడపడం పెద్ద పనేమీ కాదని చాలామంది అనుకుంటారు. సర్వర్ ప్రోగ్రామును నడపడం వరకూ అది నిజమే. ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది. అసలు పని ఆ తరువాతే మొదలవుతుంది. మన ఇళ్లకు ఇచ్చే ఇంటర్నెట్ లైను మనం బయటికి వెళ్లడానికి వీలుగా అమర్చినదే తప్ప, బయటివారు మన దగ్గరికి రావడానికి అమర్చినది కాదు. నేను పడిన శ్రమలో ముప్పాతిక వంతు ఈ ఒక్క తేడా చుట్టూనే తిరిగింది కాబట్టి, ఆ భాగాన్నే కాస్త విపులంగా రాస్తున్నాను.

మేము ఆరుగురం, అందరమూ పర్లాకిమిడిలో కలిసి చదువుకున్నవాళ్లమే. ఇప్పుడు ఒకరు బరంపురంలో, ఇద్దరు విశాఖపట్నంలో, ఒకరు బెంగళూరులో పేయింగ్ గెస్ట్ గదిలో, ఒకరు రాష్ట్ర సరిహద్దుకు అవతల పాతపట్నంలో ఉన్నారు. నేను మాత్రం ఊళ్లోనే ఉండిపోయాను. మేము ఆడేది మైన్‌క్రాఫ్ట్, దిమ్మెలతో ఒక ప్రపంచాన్ని కట్టుకునే ఆట. అంతకుముందు ఉచితంగా సర్వర్ ఇచ్చే ఒక సైటు మీద ఆడేవాళ్లం. ఎవరూ లేనప్పుడు ఆ సర్వర్ తనంతట తాను ఆగిపోయేది, దాన్ని మళ్లీ లేపాలంటే వరుసలో నిరీక్షించాలి; మా అందరికీ తీరిక దొరికేది రాత్రి తొమ్మిది దాటాకే, వరుస చాంతాడంత ఉండేదీ అప్పుడే. మేము ఆ ఆటలో నౌపడ నుంచి గుణుపురం దాకా ఒకప్పుడు నడిచిన న్యారోగేజ్ లైనును స్టేషన్లతో సహా కట్టుకుంటూ వస్తున్నాము. ఆ ప్రపంచం ఫైలు మా చేతిలో ఉండాలనే కోరికే ఈ పనికి నన్ను పురికొల్పింది.

నాకు దొరికిన యంత్రం తెర పగిలిన ల్యాప్‌టాప్. మెమరీ 8 జీబీ, బ్యాటరీ అరగంటకు తక్కువ కాకుండా నిలుస్తుంది. సర్వర్‌కు తెరతో పని లేదు, బ్యాటరీతో మాత్రం చాలా పని ఉంది, కాబట్టి డెస్క్‌టాప్ కన్నా ఇదే మేలనిపించింది. ఉబుంటు సర్వర్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, మూత మూసినా నిద్రపోకుండా సెట్టింగు మార్చి, బీరువా పక్కన గాలి ఆడే చోట పెట్టాను. కంప్యూటర్లలో మేము ఆడే మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌కు 1.20.5 వెర్షన్ నుంచి కనీసం జావా 21 సాఫ్ట్‌వేర్ కావాలి. ఆటను తయారుచేసిన మోజాంగ్ ఇచ్చే మామూలు సర్వర్‌కు బదులు అదే ఆటను తక్కువ భారంతో నడిపే పేపర్ అనే సర్వర్‌ను ఎంచుకుని, దానికి 4 జీబీ మెమరీ కేటాయించాను. రూటర్ నుంచి ల్యాప్‌టాప్‌కు వైఫై కాకుండా కేబుల్ లాగాను. ఆ ల్యాప్‌టాప్‌కు ఇంట్లో ఎప్పుడూ ఒకే చిరునామా దక్కేలా రూటర్‌లో ఏర్పాటు చేశాను, లేకపోతే రూటర్ తిరిగి మొదలైనప్పుడల్లా చిరునామా మారి, దాని మీద ఆధారపడిన అమరికలన్నీ తప్పుతాయి. పాతపట్నంలోని మిత్రుడికి కంప్యూటర్ లేదు, ఫోనే గతి. ఫోన్లలో ఉండే బెడ్‌రాక్ ఎడిషన్ నుంచి జావా సర్వర్‌లోకి రానిచ్చే గీజర్ అనే ప్లగిన్‌ను (అదనపు ప్రోగ్రామును) అతని కోసం చేర్చాను. ఇంట్లో నా డెస్క్‌టాప్ నుంచి, మా తమ్ముడి ఫోను నుంచి చూసుకుంటే ఆట చక్కగా నడిచింది.

బయటివారి కోసం తరువాత చేయవలసినది పోర్టు ఫార్వార్డింగ్. పోర్టు అంటే వచ్చిన డేటా ఏ ప్రోగ్రాముకో చెప్పే నంబరు. బయటి నుంచి ఫలానా పోర్టుకు వచ్చిన డేటాను ఇంట్లోని ఫలానా యంత్రానికి అందించమని రూటర్‌కు చెప్పి ఉంచడమే ఈ పని. జావా ఎడిషన్‌కు అలవాటైన పోర్టు 25565, టీసీపీ. బెడ్‌రాక్‌కు 19132, యూడీపీ (టీసీపీ, యూడీపీ అనేవి డేటా పంపే రెండు పద్ధతులు). రెండింటినీ రూటర్‌లో నమోదు చేసి, మా ఇంటి ఐపీ చిరునామాను బరంపురం మిత్రుడికి పంపాను. అతని తెర మీద కనెక్షన్ కోసం ఎదురుచూపే తప్ప మరేమీ లేదు. జరిగినదంతా నా సర్వర్ రాసుకునే లాగ్‌లో అతని జాడే లేదు. తిరస్కరించినట్టు కూడా లేదు, అంటే అతని డేటా మా గడప దాకానే రాలేదు.

కారణం రూటర్ పేజీలోనే కనబడింది. బయటి లైనుకు వచ్చిన చిరునామా అని అది చూపేది 100.72తో మొదలయింది, నా ఐపీ ఏదని ఇంటర్నెట్‌లో చూస్తే వచ్చిన చిరునామా పూర్తిగా వేరుగా ఉంది. ఈ రెండూ ఒకటి కాకపోతే మనకూ ఇంటర్నెట్‌కూ మధ్య ఇంకొక రూటర్ ఉన్నట్టే. ఐపీ నాలుగవ వెర్షన్‌లో (ఐపీవీ4) మొత్తం చిరునామాలు సుమారు 430 కోట్లు. ప్రపంచ స్థాయి నిల్వ 2011 ఫిబ్రవరి 3న చివరి పంపకంతో అయిపోయింది. ఆసియా, పసిఫిక్ దేశాలకు చిరునామాలు పంచే ఏపీనిక్ ఆ ఏడాది ఏప్రిల్ 15 నాటికే తన చివరి వాటాకు చేరి, అప్పటి నుంచి కొద్దికొద్దిగా మాత్రమే ఇస్తూ వచ్చింది. మన ఊళ్లలో ఇళ్లకు ఫైబర్ వచ్చింది ఆ తరువాతే. అందుచేత ఇంటింటికీ సొంత చిరునామా ఇవ్వలేక, ఇంటర్నెట్ కంపెనీలు చాలా ఇళ్లను ఒకే పబ్లిక్ చిరునామా (ఇంటర్నెట్ అంతటికీ కనబడే చిరునామా) వెనుక ఉంచుతున్నాయి. దీన్నే సీజీనాట్ అంటారు. 100.64.0.0 నుంచి 100.127.255.255 దాకా ఉన్న వరుసను 2012లో ప్రత్యేకంగా ఈ అవసరానికే కేటాయించారు కాబట్టి, రూటర్ పేజీలో ఆ అంకెలు కనబడితే ఇక సందేహం అక్కర్లేదు. వందల గదులున్న హాస్టల్‌కు ఒకే తపాలా చిరునామా ఉన్నట్టు, లోపలి వారు రాసిన ఉత్తరానికి జవాబు వస్తే ఎవరిదో తెలుస్తుంది గానీ, గది నంబరు లేకుండా బయటి నుంచి కొత్తగా వచ్చిన ఉత్తరం గేటు దగ్గరే ఆగిపోతుంది. నా రూటర్‌లో నేను ఎన్ని పోర్టులు తెరిచినా, ఆ పైనున్న కంపెనీ పెట్టెలో తెరవకపోతే ప్రయోజనం లేదు.

ఆ మాటే మా లైన్ చూసే అన్నను అడిగాను. ఒడియా, తెలుగు కలిపి మాట్లాడే మనిషి, పనిలో దిట్ట. "ఈ లైను మీరు వీడియోలు చూసుకోడానికి బాబూ. బయటోళ్లు మీ ఇంట్లోకి రావాలంటే స్టాటిక్ ఐపీ తీసుకోవాలి, అది ఆఫీసులకి ఇస్తారు" అన్నాడు. ఇంతకన్నా క్లుప్తంగా సీజీనాట్‌ను వివరించినవారిని నేను చూడలేదు. ఆఫీసుకు వెళ్లి విచారిస్తే, స్టాటిక్ ఐపీ, అంటే మారని సొంత పబ్లిక్ చిరునామా, వ్యాపార ప్లాన్‌తో పాటే వస్తుందని, దానికి ఏడాది అద్దె ముందుగా కట్టాలని చెప్పారు. ఆరుగురు స్నేహితుల ఆట కోసం నెలసరి బిల్లు రెట్టింపు కావడం నాకు సబబుగా తోచలేదు. దొరికే ధరకు దొరికే చోట స్టాటిక్ ఐపీ తీసుకోవడమే అన్నిటికన్నా సులువైన మార్గమని మాత్రం ఒప్పుకోక తప్పదు. అది ఉంటే కింద రాసినదాంట్లో సగం అవసరం ఉండదు.

రెండవ మార్గం ఐపీ ఆరవ వెర్షన్ (ఐపీవీ6). అందులో చిరునామా 128 బిట్లు ఉంటుంది కాబట్టి కొరత అన్న మాటే లేదు, ఇంట్లో ప్రతి యంత్రానికీ సొంత పబ్లిక్ చిరునామా వస్తుంది. మా కనెక్షన్‌లో అది ఉన్నట్టు రూటర్ పేజీయే చూపించింది. ఇక్కడ పోర్టు ఫార్వార్డింగ్ ఉండదు; బయటి డేటాను అడ్డుకునే రూటర్ ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క యంత్రానికి, ఆ ఒక్క పోర్టుకు అనుమతి ఇస్తే చాలు. బరంపురం మిత్రుడు వెంటనే లోపలికి వచ్చాడు, విశాఖలో ఉన్నవారిలో ఒకరు వచ్చారు, మొబైల్ డేటా మీద ఉన్న పాతపట్నం మిత్రుడూ వచ్చాడు. రెండవ విశాఖ మిత్రుడి కనెక్షన్‌కూ, బెంగళూరు గది వైఫైకీ ఆరవ వెర్షన్ లేకపోవడంతో వారిద్దరూ బయటే ఉండిపోయారు. దీనికి తోడు మా లైను తెగి మళ్లీ కలిసిన ప్రతిసారీ కంపెనీ ఇచ్చే చిరునామా ముందు భాగం మారిపోయేది. మారిన చిరునామాను ఎప్పటికప్పుడు ఒక పేరుకు ముడిపెట్టే డైనమిక్ డీఎన్ఎస్ ఆ ఇబ్బందిని తీర్చింది గానీ, రూటర్ ఫైర్‌వాల్‌లో రాసిన నియమం పాత చిరునామాకే అంటుకుని ఉండేది. అందరికీ ఆరవ వెర్షన్ ఉన్న బృందానికి ఈ దారిని నేను నిస్సంకోచంగా చెబుతాను. మాకు ఆరింట నాలుగు వంతులే సాగింది.

మూడవది టెయిల్‌స్కేల్ వంటి ప్రైవేటు నెట్‌వర్క్. రెండు వైపుల యంత్రాలూ ముందుగా బయటి సర్వర్ ఒకదానికి తమ ఆనవాలు చెప్పుకుంటాయి. ఆ తరువాత ఇద్దరూ ఒకేసారి ఎదుటివారి వైపు యూడీపీ ప్యాకెట్లు (డేటా ముక్కలు) పంపడంతో, రెండు గేట్లూ వాటిని తాము పంపిన దానికి జవాబులుగానే భావించి లోనికి రానిస్తాయి. చూడడానికి గారడీలా ఉంటుంది గానీ సీజీనాట్ మీద కూడా తరచుగా పనిచేస్తుంది, పనిచేయనప్పుడు మధ్యలో ఒక రిలే (మధ్యవర్తి సర్వర్) గుండా డేటా నడుస్తుంది. ఈ నెట్‌వర్క్ తన సభ్యులకు ఇచ్చే చిరునామాలు కూడా ఆ 100.64 వరుసలోనివే కావడం నన్ను చాలాసేపు తికమక పెట్టింది. రూటర్ పేజీలోని 100 వేరు, ల్యాప్‌టాప్‌లోని 100 వేరు. సాంకేతికంగా దీనికి వంక పెట్టలేను. ఇబ్బంది మనుషులతో వచ్చింది. ప్రతి ఒక్కరూ మరొక యాప్ దించుకుని, ఖాతా తెరిచి, ఆడే ముందు దాన్ని ఆన్ చేయాలి. ఆఫీసు ల్యాప్‌టాప్ మీద ఆడే మిత్రుడికి దాన్ని ఎక్కించే అనుమతే లేదు. "ఒరే, చిరునామా ఒకటి ఇయ్యిరా, అది కొట్టి వచ్చేస్తాం" అన్నది అందరి మాట.

చివరికి నిలిచినది నాలుగవ ఏర్పాటు. ముంబయి డేటా సెంటర్‌లో పబ్లిక్ చిరునామా ఉన్న అతి చిన్న వర్చువల్ సర్వర్‌ను నెలవారీ అద్దెకు తీసుకున్నాను. ఆట దాని మీద నడవదు. దానికి ఉన్న ఒక జీబీ మెమరీ అందుకు చాలదు. అది చేసే పని ఒక్కటే, తన దగ్గరికి 25565, 19132 పోర్టుల మీద వచ్చినదంతా వైర్‌గార్డ్ అనే ఎన్‌క్రిప్టెడ్ సొరంగం గుండా మా ఇంటి ల్యాప్‌టాప్‌కు చేర్చడం. సొరంగాన్ని మొదలుపెట్టేది ఇంటి వైపు నుంచే కాబట్టి కంపెనీ గేటుకు అది మామూలుగా బయటికి వెళ్లే డేటాలాగే కనబడుతుంది. దాని జవాబులుగా స్నేహితులు లోపలికి వస్తారు. యూడీపీ మీద కాసేపు ఏమీ నడవకపోతే మధ్యలోని పెట్టెలు ఆ జాడను చెరిపేస్తాయి, అందుకే ప్రతి 25 సెకన్లకు ఒకసారి ఇంటి నుంచి ఖాళీ ప్యాకెట్ పంపే సెట్టింగు తప్పనిసరి. వైర్‌గార్డ్ 2020లో, ఉబుంటుకు ఆధారమైన లైనక్స్ కెర్నల్ 5.6లో భాగమైంది కనుక విడిగా ఎక్కించవలసినదీ పెద్దగా లేదు. రెండు వైపులా పది పన్నెండు వరుసల ఫైలు రాస్తే సరిపోతుంది. లైను తెగి మా చిరునామా మారినా, సొరంగం తనంతట తాను మళ్లీ కుదురుకుంటుంది, స్నేహితుల దగ్గర ఉన్న పేరు మారదు.

ఈ ఏర్పాటులో నన్ను అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టినది ప్యాకెట్ పరిమాణం. సొరంగం కుదిరిన మొదటి రాత్రి విశాఖ మిత్రుడు కనెక్ట్ అయ్యాడు, సర్వర్ లాగ్‌లో అతని పేరు, లోపలికి వచ్చినట్టు వాక్యం స్పష్టంగా పడ్డాయి. అతని తెర మాత్రం నేలను లోడ్ చేస్తున్నట్టు చూపుతూ అక్కడే నిలిచిపోయి, అరనిమిషానికి టైమ్ అవుట్ అని బయటికి నెట్టేసింది. అందరికీ ఇదే. పింగ్ చేస్తే, అంటే ప్యాకెట్ పంపి జవాబు కోసం చూస్తే, ఒక్కటి కూడా దారిలో తప్పిపోవడం లేదు. చిన్నవన్నీ చేరుతున్నాయి, పెద్దవి చేరడం లేదు అన్న సంగతి, పింగ్ పరిమాణాన్ని పెంచుకుంటూ పోయి చూసినప్పుడు గానీ తెలియలేదు. లెక్క ఇలా ఉంటుంది. ఈథర్నెట్ (కేబుల్ నెట్‌వర్క్) మీద ప్యాకెట్ 1500 బైట్ల దాకా ఉండవచ్చు, వైర్‌గార్డ్ తన పైతొడుగుకు ఐపీ ఆరవ వెర్షన్ మీద 80 బైట్లు తీసుకుంటుంది, అందుకే సొరంగం పరిమితిని మామూలుగా 1420గా పెట్టుకుంటుంది. మా ఇంటి లైను మాత్రం యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడిగే పీపీపీఓఈ పద్ధతిది. అది తనకు 8 బైట్లు మినహాయించుకుని 1492కే చోటిస్తుంది. సీజీనాట్ పెట్టె మీద ఆధారపడకూడదని సొరంగాన్ని నేను ఆరవ వెర్షన్ మీద నడిపాను. ఆరవ వెర్షన్‌లో మధ్యలోని రూటర్లు ప్యాకెట్‌ను ముక్కలు చేయవు. పేరు, పాస్‌వర్డ్, పలకరింపు అన్నీ చిన్నవి కాబట్టి దాటాయి. నేల, చెట్లు, కొండల వివరాలు మోసుకొచ్చే నిండు ప్యాకెట్లు 1500కు చేరి మా రూటర్ దగ్గరే రాలిపోయాయి. రెండు వైపులా పరిమితిని 1412కు తగ్గించగానే విశాఖ మిత్రుడి తెర మీద గుణుపురం స్టేషన్ ప్లాట్‌ఫారం కనబడింది. లోపలికి వచ్చినట్టే వచ్చి నిలిచిపోయే ఆట ఎవరికైనా ఎదురైతే, సర్వర్‌ను అనుమానించే ముందు ఈ అంకెను చూసుకోవడం మంచిది.

పాతపట్నం మిత్రుడికి నా మీద ఇప్పటికీ ఒక ఫిర్యాదు ఉంది. అతని ఇంటికీ మా ఇంటికీ పట్టుమని పది కిలోమీటర్లు లేవు, కానీ అతని పింగ్ (కబురు వెళ్లి జవాబు రావడానికి పట్టే సమయం) 70 మిల్లీసెకన్ల దగ్గర ఉంటుంది. మా ఊరి నుంచి ముంబయి గాలిలో గీత గీసినా దాదాపు 1200 కిలోమీటర్లు. అతను ఒక దిమ్మె పగలగొడితే ఆ కబురు అక్కడికి వెళ్లి ఇక్కడికి రావాలి, దాని జవాబు మళ్లీ అదే దారిన తిరిగి వెళ్లాలి. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది కనుక ఆ 4800 కిలోమీటర్లకే 24 మిల్లీసెకన్లు చెల్లు. మిగిలినది మలుపులకూ రూటర్లకూ పోతుంది. సొరంగం లేకుండా నేరుగా కలిసినా అతనికి 40కి తగ్గలేదు. అతనిది ఆంధ్రా వైపు మొబైల్ కంపెనీ, మాది ఒడిశా వైపు ఫైబర్ కంపెనీ. ఆ రెండు నెట్‌వర్కులూ ఒకదానితో ఒకటి కలుసుకునేది ఎక్కడో మహానగరంలోనే తప్ప మా సరిహద్దు గేటు దగ్గర కాదు. అదృష్టవశాత్తూ మైన్‌క్రాఫ్ట్ సర్వర్ సెకనుకు 20 సార్లు, అంటే 50 మిల్లీసెకన్లకు ఒకసారి మాత్రమే లోకాన్ని ముందుకు నడుపుతుంది కాబట్టి 70 పెద్ద అడ్డంకి కాదు. తుపాకుల ఆటలకైతే ఈ ఏర్పాటును నేను సిఫారసు చేయను.

పబ్లిక్ చిరునామా చేతికి వచ్చిందంటే పిలవని అతిథులూ వస్తారు. ఎవరికీ చెప్పకపోయినా, తెరిచిన పోర్టుల కోసం ఇంటర్నెట్ అంతటా వెతికే యంత్రాలు కొద్ది గంటల్లోనే మా సర్వర్‌ను పసిగట్టాయి. ఎన్నడూ వినని పేర్లు లాగ్‌లో వరుసగా పడ్డాయి. వైట్‌లిస్ట్ (లోపలికి రానివ్వవలసినవారి పేర్ల జాబితా) ముందే వేసి ఉండడంతో అన్నీ గడప దగ్గరే ఆగాయి. ఆట కొనని బంధువుల కుర్రాడి కోసం ఆన్‌లైన్ మోడ్ తీసేయమని ఒక మిత్రుడు అడిగాడు, నేను ఒప్పుకోలేదు. అది తీసేస్తే పేరును మైక్రోసాఫ్ట్ దగ్గర సరిచూసే ఏర్పాటే పోతుంది. ఎవరైనా నా పేరు పెట్టుకుని వస్తే వైట్‌లిస్ట్ తలుపు తీస్తుంది, సర్వర్ నా అధికారాలన్నీ అప్పగిస్తుంది. 2021 డిసెంబరులో బయటపడిన లాగ్‌ఫోర్‌షెల్ లోపం సంగతి తెలిసినవారు ఇలాంటివి తేలిగ్గా తీసుకోరు. జావా ప్రోగ్రాములు లాగ్ రాసుకోవడానికి వాడే లైబ్రరీలో ఉన్న ఆ లోపం వల్ల, చాట్‌లో ఒక వాక్యం టైపు చేసి ఎదుటి మైన్‌క్రాఫ్ట్ సర్వర్‌లో తమకు కావలసిన ప్రోగ్రామును నడిపించగలిగారు. డిసెంబరు 10న 1.18.1 వెర్షన్‌తో దాన్ని సరిదిద్దారు. అందుకే ఆటను ఎలాంటి హక్కులూ లేని వేరే యూజర్ కింద నడుపుతాను, ఆ ల్యాప్‌టాప్ నుంచి ఇంట్లోని మిగతా యంత్రాల వైపు దారి మూసి ఉంచాను, దూరం నుంచి ఆజ్ఞలిచ్చే ఆర్‌కాన్ పోర్టును సొరంగంలోకి అనుమతించలేదు. ఒక చిన్న లోటు మిగిలింది. ముంబయి గుండా రావడం వల్ల లాగ్‌లో అందరి ఐపీ ఒకటిగానే కనబడుతుంది, కాబట్టి ఐపీని బట్టి ఎవరినైనా నిషేధిస్తే అందరినీ నిషేధించినట్టే. ఆరుగురికి అది లెక్కలోది కాదు.

అప్‌లోడ్ గురించి. ఇంటి కనెక్షన్‌లో మనం చూసుకునేది డౌన్‌లోడ్ వేగమే, సర్వర్‌కు కావలసింది అప్‌లోడ్. మా రైలు మార్గం వల్ల మాకు ఇది అందరికన్నా ఎక్కువగా తెలిసొచ్చింది. ఆటలో నేల 16 అడ్డం, 16 నిలువు దిమ్మెల చంక్‌లుగా ఉంటుంది. చూపు దూరం మామూలుగా 10 అయితే ఒక్కొక్క ఆటగాడి చుట్టూ 21ని 21తో గుణించి 441 చంక్‌లు పంపాలి. నడిచేవాడికి కొత్త చంక్‌లు నెమ్మదిగా వస్తాయి, బండి ఎక్కి పట్టాల మీద పరుగెత్తేవాడికి వరదలా కావాలి. ముగ్గురు ఒకేసారి బండి ఎక్కితే అప్‌లోడ్‌తో పాటు ప్రాసెసర్ మీదా భారం పడి, కన్సోల్ మీద సర్వర్ వెనకబడిపోతోందన్న హెచ్చరిక పడేది. చూపు దూరాన్ని 7కు తగ్గిస్తే చంక్‌లు 225 అవుతాయి, అంటే సగం. జంతువులు, పంటలు కదిలే పరిధిని 1.18 నుంచి వేరే సెట్టింగుగా ఇచ్చారు, దాన్ని 5కు దించాను. కొండలు దూరం నుంచి కనబడడం లేదని ఒకరిద్దరు గొణిగారు గానీ బండి మాత్రం ఆగలేదు. మిగిలిన ఇబ్బంది మా ఇంట్లోనిదే. ఫోన్లలోని ఫోటోలు రాత్రివేళ క్లౌడ్‌లోకి ఎక్కడం మొదలవగానే అందరి పింగ్ ఒక్కసారిగా పెరిగేది. వేగం చాలక కాదు, రూటర్‌లో పోగుపడిన వరుస వెనుక ఆట ప్యాకెట్లు నిలబడవలసి వచ్చినందుకు. ఓపెన్ డబ్ల్యూఆర్‌టీ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కిన రూటర్ ఒకటి పెట్టి, కేక్ అనే వరుస పద్ధతిని అమర్చి, అసలు అప్‌లోడ్ వేగంలో పదో వంతు తగ్గించి పరిమితిగా ఇచ్చాక అది సర్దుకుంది.

ఇక కరెంటు. చైత్ర వైశాఖాల్లో మా వైపు సాయంత్రం గాలివాన లేస్తే కరెంటు పోతుంది, అందరిళ్లలాగే మాకూ ఇన్వర్టర్ ఉంది. ఫ్యాను ఆగకుండా తిరుగుతుంది. కరెంటు నుంచి ఇన్వర్టర్‌కు మారే ఆ రెప్పపాటులో ఫైబర్ మోడెం, రూటర్ మాత్రం ఆరి మళ్లీ వెలుగుతాయి, ఆటలోని వారందరూ బయట పడతారు. 12 వోల్టుల మినీ యూపీఎస్‌ను ఈ రెండిటికీ కలిపి పెట్టగానే ఆ బాధ పోయింది. అంత సొమ్ముకు అంత ఫలితం ఇచ్చిన వస్తువు ఈ మొత్తం వ్యవహారంలో మరొకటి లేదు. లైను విషయంలో చేయగలిగింది తక్కువ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను కుదిపినప్పుడు స్తంభాలే లేచిపోయాయి, దాని ముందు ఏ ఏర్పాటూ ఆగదు. మామూలు రోజుల్లో మోడెం పేజీలో కనబడే కాంతి బలాన్ని చూస్తూ ఉంటాను. ఈ రకం మోడెంలు మైనస్ 27 డీబీఎం (కాంతి బలాన్ని కొలిచే ప్రమాణం) దాకా తట్టుకుంటాయి. మాది మైనస్ 22 దగ్గర ఉండేది, ఒక వాన తరువాత మైనస్ 26కు దిగింది. లైను పోతే మోడెం మీద వెలిగే ఎర్ర దీపం ఇంకా వెలగలేదు, ఇంట్లో ఎవరికీ ఏ తేడా తెలియలేదు. ఆ అంకె చెప్పగానే లైన్ అన్న వచ్చి, వీధి చివరి స్తంభం మీద నీరు చేరిన జాయింటు పెట్టె విప్పి కొత్తగా అతికించాడు. నెట్ రావడం లేదని చెప్పడం కన్నా అంకె చెప్పడం వల్ల పని త్వరగా అవుతుందని నాకు అనుభవం.

బ్యాకప్ తెల్లవారుజామున నాలుగుకు తనంతట తానే జరుగుతుంది. సర్వర్ రాస్తుండగా ఫైళ్లు కాపీ చేస్తే సగం కొత్తవి, సగం పాతవి చిక్కుతాయి. అందుకే ముందు రాయడం ఆపించి, మెమరీలో ఉన్నదంతా డిస్క్‌కు దింపించి, కాపీ అయ్యాక మళ్లీ రాయనిచ్చేలా స్క్రిప్టు ఉంది. ఏడు రోజుల కాపీలు ఇంట్లోని వేరే డిస్క్ మీద ఉంటాయి, వారానికి ఒకటి బరంపురం మిత్రుడి కంప్యూటర్‌కు వెళుతుంది. బ్యాటరీ బాగా తగ్గితే సర్వర్‌ను పద్ధతిగా ఆపి ల్యాప్‌టాప్‌ను ఆఫ్ చేసే ఏర్పాటూ ఉంది.

ఖర్చు సంగతి అడిగేవారి కోసం: ఆ ల్యాప్‌టాప్ సగటున 20 వాట్లు తీసుకుంటుంది, అంటే నెలకు పదిహేను యూనిట్లకు లోపే. ముంబయి సర్వర్ అద్దె కొన్ని వందల రూపాయలు. దాన్ని ఆరుగురం పంచుకుంటాము, ఒకటో తారీఖున యూపీఐలో వస్తుంది. మా ఇంటి ప్లాన్ షరతుల్లో కనెక్షన్‌ను వ్యాపారానికి వాడకూడదని ఉంది కాబట్టి, అద్దెలో వాటా తప్ప ఎవరి దగ్గరా పైసా తీసుకోను, బయటివారిని చేర్చుకోను. ఈ డబ్బుకు కొంచెం కలిపితే తయారుగా నడిచే సర్వరే అద్దెకు వస్తుంది కదా అని బెంగళూరు మిత్రుడు అప్పుడప్పుడు అంటాడు. వస్తుంది. అతను దాని ధరలు తెచ్చి చూపినప్పుడల్లా ఇంకొక ఏడాది ఇలాగే నడుపుదామని మిగతా నలుగురూ ఓటు వేస్తున్నారు, నేను వచ్చే నెలకు ల్యాప్‌టాప్‌లో వేయవలసిన కొత్త ఎస్ఎస్డీ ధర చూస్తున్నాను.